నలుగురి సాక్ష్యము: బ్లాక్‌చైన్ పరీక్షా జాలములు, వాలిడేటరు బాధ్యత

లెక్కల పుస్తకము ఎవరి చేతిలో నున్నదో వారి మాటయే చెల్లుట మన పల్లెలు చిరకాలముగా ఎరిగిన విషయమే. ఆంధ్ర ప్రాంతమున కరణము, తెలంగాణమున పట్వారీ వ్రాసిన దస్త్రమే భూమి హక్కునకు ఆధారముగా నుండెడిది. వ్రాసినవాడు ధర్మపరుడైనచో రైతు నిశ్చింతగా నిద్రించెడివాడు. కానిచో కచేరీల చుట్టును తిరుగవలసివచ్చెడిది. ఈ ఏర్పాటులోని లోపము వ్యక్తులది మాత్రమే కాదు. పుస్తకము ఒక్కటే యగుట, దానిని సరిచూచువారు లేకుండుట అసలు లోపము.

ఆ పుస్తకమునకు వేలకొలది ప్రతులుండి, ప్రతి క్రొత్త పద్దును వేలమంది వేరువేరుగా సరిచూచి, వారిలో అత్యధికులు ఒప్పుకొనిన పిమ్మటనే అది స్థిరపడునట్టి పద్ధతి యున్నచో ఎట్లుండును? బ్లాక్‌చైన్ అను దానిలోని మూలభావ మిదియే. ఈ వ్యాసమున మేము నాణెముల ధరలను గూర్చి చెప్పబూనలేదు. సరిచూచు సాఫ్ట్‌వేరు ఎట్లు పరీక్షింపబడును, ఆ పరీక్షలో సామాన్యులు ఎట్లు పాలుపంచుకొందురు, సరిచూచువారిలో ఒకరుగా చేరుటకు ముందు విద్యార్థి ఏమి తెలిసికొనవలెను అను మూడు విషయములను, ఈథీరియం అను జాలమును ఉదాహరణముగా గైకొని వివరింపదలచితిమి.

నోడ్ అననేమి? వాలిడేటరు అననెవరు?

ఈథీరియం జాలము 2015 జూలై 30న ప్రారంభమైనది. అంతకు పూర్వము 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ వలెనే ఇదియు తొలుత విస్తారముగా విద్యుత్తును వెచ్చించు గణన పోటీ మీద ఆధారపడి నడచినది. 2020 డిసెంబరు 1న దానికి తోడుగా బీకన్ చైన్ అను క్రొత్త శృంఖల ఆరంభమైనది. 2022 సెప్టెంబరు 15న రెండును ఏకమై, గణన పోటీకి స్వస్తి చెప్పబడినది. అప్పటినుండి పద్దులను సరిచూచు పని ధరావతు చెల్లించిన వాలిడేటర్లది.

నోడ్ అనగా ఈ జాలపు సాఫ్ట్‌వేరును నడుపుచు, పుస్తకపు ప్రతిని తన యొద్ద నుంచుకొని, వచ్చిన ప్రతి బ్లాకును నియమానుసారము సరిచూచు కంప్యూటరు. దీనిని ఎవరైనను నడుపవచ్చును. అనుమతి యక్కరలేదు, ధరావతు అక్కరలేదు. వాలిడేటరు అట్లు కాదు. 32 ఈథర్లను ధరావతుగా నుంచి, తన రహస్య కీలకముతో సంతకము చేసి, ఏది సరియైన బ్లాకో ఓటు ద్వారా తెలుపువాడు వాలిడేటరు. నోడ్ చదువరి యైనచో వాలిడేటరు సాక్షి. చదువరి పొరపడిన తానొక్కడే నష్టపోవును. సాక్షి పొరపడినచో దాని ఫలితము అందరిని తాకును; కావుననే సాక్షికి ధరావతు, నియమము, శిక్ష ఏర్పడినవి.

కాలమును 12 సెకండ్ల భాగములుగా విభజింతురు. అట్టి భాగములు 32 కలిసి ఒక ఎపోక్, అనగా 6 నిమిషముల 24 సెకండ్లు. ప్రతి వాలిడేటరు ఒక్కొక్క ఎపోక్‌లో ఒక్కమారు ఓటు వేయును. మొత్తము ధరావతులో మూడింట రెండువంతులకు తగ్గని భాగము ఒకే మాటపై నిలిచినచో ఆ భాగము ముందుగా సమర్థితమై, తరువాతి ఎపోక్‌లో స్థిరపడును. అటుపిమ్మట దానిని మార్చుట దాదాపు అసాధ్యము.

మూడింట ఒకవంతు రహస్యము

ఈ మూడింట రెండువంతులను లెక్క ఎచ్చటినుండి వచ్చినది? 1982లో లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ అను శాస్త్రవేత్తలు బైజాంటైన్ సేనానుల సమస్య అను పేర ఒక పత్రమును ప్రకటించిరి. ఒక సేనాధిపతి, అతని క్రింద ఇద్దరు ఉపసేనానులు కలరనుకొందము. అధిపతియే ద్రోహియై ఒకనికి దాడి చేయుమనియు, మరియొకనికి వెనుదిరుగుమనియు ఆజ్ఞాపించినాడు. ఉపసేనాను లిద్దరును తమకు వచ్చిన ఆజ్ఞను ఒకరికొకరు తెలుపుకొనిరి. ఇప్పుడు అధిపతి అబద్ధమాడినాడో, తోటి ఉపసేనాని అబద్ధమాడినాడో తేల్చుకొనుటకు ఒక్కనికిని దారి లేదు. నలుగురు సేనానులుండి ద్రోహి ఒక్కడే యైనచో మాత్రము సమస్య తీరును. సామాన్యముగా చెప్పవలెనన్న, నోటిమాటల మీద ఆధారపడిన యెడల ద్రోహులు మూడింట ఒకవంతునకు తక్కువగా నున్నప్పుడే మిగిలినవారు ఏకాభిప్రాయమునకు రాగలరు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. శాస్త్రదృష్టిలో ద్రోహికిని, లోపమున్న యంత్రమునకును భేదము లేదు. దురుద్దేశముతో తప్పుడు ఓటు వేసినను, సాఫ్ట్‌వేరులోని దోషము వలన వేసినను ఫలితమొక్కటే. మూడింట రెండువంతుల వాలిడేటర్లు ఒకే సాఫ్ట్‌వేరును నడుపుచు, అందులో ఒక్క దోషమున్నచో, ద్రోహి ఒక్కడును లేకయే పుస్తకము చెడిపోవచ్చును. అందువలననే ఈథీరియం వాలిడేటర్లకు ఒకే నియమావళిని అనుసరించి, వేరువేరు బృందములు వేరువేరు భాషలలో వ్రాసిన సాఫ్ట్‌వేరులు కలవు. ప్రిజ్మ్, లైట్‌హౌస్, టెకు, నింబస్, లోడ్‌స్టార్ అనునవి ఓటు వేయు భాగమును నడుపునవి. గెత్, నెదర్‌మైండ్, బెసు, ఎరిగన్, రెత్ అనునవి లావాదేవీలను సరిచూచు భాగమును నడుపునవి. వాలిడేటరు ఈ రెండు వర్గములనుండి ఒక్కొక్కదానిని ఎన్నుకొని జతచేసి నడుపును.

పరీక్షా జాలములు

వంతెన కట్టిన పిమ్మట మొదట బరువు బండ్లను నడిపి చూచి, తరువాతనే జనులను అనుమతింతురు. అట్లే క్రొత్త సాఫ్ట్‌వేరును ముందుగా విలువ లేని నాణెములతో నడుచు జాలముపై ప్రయోగింతురు. దీనినే టెస్ట్‌నెట్ అందురు. ఈథీరియం టెస్ట్‌నెట్లకు రైల్వే స్టేషన్ల పేర్లు పెట్టుట ఒక ఆచారమైనది. స్టాక్‌హోమ్ నగరపు రోప్‌స్టెన్, ఏథెన్స్ నగరపు సెపోలియా అట్టివే. 2025 మార్చి 17న మొదలైన టెస్ట్‌నెట్‌కు మన పొరుగుననే యున్న బెంగుళూరులోని హూడి స్టేషన్ పేరు పెట్టిరి.

నిపుణులు తమ ప్రయోగశాలలలో పరీక్షించిన చాలదా, సామాన్యులెందులకు అను సందేహము కలుగవచ్చును. ప్రయోగశాలలో కరెంటు పోదు, ఇంటర్‌నెట్ తెగిపోదు, పాత కంప్యూటరు ఉండదు, నియమములు చదువక మీటలు నొక్కువాడు ఉండడు. నిజమైన జాలమున ఇవన్నియు నుండును. వేలమంది వేరువేరు యంత్రములపై, వేరువేరు దేశములలో నడిపిననే బయటపడు దోషములు కొన్ని కలవు.

అయినను టెస్ట్‌నెట్‌కు సహజమైన బలహీనత యొకటి కలదు. నాణెమునకు విలువ లేనందున దానిని కాపాడవలెనను పట్టుదలయు తక్కువ. 2017 ఫిబ్రవరిలో కొందరు దుండగులు రోప్‌స్టెన్ జాలమును చెత్త లావాదేవీలతో నింపి నిరుపయోగము గావించిరి. గోర్లి అను మరియొక జాలమున ఇందుకు విరుద్ధముగా జరిగినది. అచ్చటి పరీక్షా నాణెములు కొరవడి, ఉచితముగా లభింపవలసిన వానిని 2023 నాటికి కొందరు డబ్బుకు అమ్మజూచిరి. విలువ బొత్తిగా లేకున్నను చిక్కే, విలువ ఏర్పడినను చిక్కే.

ఆరు గడియారముల కథ

బీకన్ చైన్ ప్రారంభమునకు పూర్వము 2020 ఆగస్టు 4న మెదల్లా అను బహిరంగ టెస్ట్‌నెట్ మొదలైనది. అందు పాల్గొన్న వారిలో అధికసంఖ్యాకులు ప్రిజ్మ్ సాఫ్ట్‌వేరునే నడుపుచుండిరి. పది దినములు సాఫీగా గడచినవి. ఆగస్టు 14న అకస్మాత్తుగా అల్లకల్లోలము చెలరేగినది.

ప్రిజ్మ్ తన గడియారమును సరిచేసికొనుటకు ఆరు కాల సర్వర్లను అడిగి, వాని సమాధానముల సగటును గైకొనుచుండెను. ఆ దినమున ఆరింటిలో ఒకటి 24 గంటలు ముందున్న కాలమును చెప్పినది. ఐదు సరిగానే చెప్పినను, 24ను 6చే భాగింప 4 వచ్చును గనుక సగటు 4 గంటలు ముందునకు జరిగినది. చార్మినారు నలుదిక్కులనున్న నాలుగు గడియారములలో ఒకటి చెడిపోయినచో దారిన పోవువాడు మిగిలిన మూటిని నమ్మును గాని, నాలుగింటిని కూడి నాలుగింట భాగింపడు గదా! గణితములో మధ్యమమునకును సగటునకును గల భేదము పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కనబడును. ఇచ్చట ఆ భేదమే జాలమును నిలిపివేసినది. విలువలను వరుసగా నమర్చి నడిమిదానిని గైకొనియుండిన ఒక్క సర్వరు తప్పు ఎవ్వరికిని తెలిసియుండెడిది కాదు.

కాలము తప్పిన వాలిడేటర్ల ఓట్లు ఇతరులకు భవిష్యత్తునుండి వచ్చినవిగా తోచినవి. పాల్గొనువారి సంఖ్య మూడింట రెండువంతులకంటె బాగుగా పడిపోయి, పద్దులు స్థిరపడుట ఆగిపోయినది. తొందరలో విడుదలైన సవరణలు, మరల మరల నడుపుటలు కలిసి చిక్కును పెంచినవి. ఒకే కాలమునకు రెండు ఓట్లు వేసిన దోషమునకు అనేకులు శిక్షింపబడిరి. జాలము తేరుకొనుటకు కొన్ని దినములు పట్టినది.

ఇందు నిజమైన ధనము ఒక్క రూపాయియు పోలేదు. లభించిన జ్ఞానము మాత్రము చాల విలువైనది. ఆ తరువాత స్పదీనా, జింకెన్ అను రెండు స్వల్పకాలిక జాలములపై ధరావతు చెల్లించుట, ప్రారంభించుట అను ఘట్టములను మరల అభ్యసించిరి. 2020 నవంబరు 4న అసలు ధరావతు ఒప్పందము ప్రకటింపబడినది. కనీసము 16,384 వాలిడేటర్లు, అనగా 5,24,288 ఈథర్లు సమకూడవలెనని నియమము. నవంబరు 24 నాటికి ఆ సంఖ్య పూర్తికాగా, డిసెంబరు 1న శృంఖల నిర్విఘ్నముగా ఆరంభమైనది.

ఒక్క చిరునామా తప్పిన ఫలితము

పాఠము ఒక్కమారు నేర్చిన చాలదనుటకు 2025 నాటి సంఘటన నిదర్శనము. పెక్ట్రా అను పెద్ద మార్పును ఆ యేడు ఫిబ్రవరి 24న హొలెస్కీ టెస్ట్‌నెట్‌పై ప్రయోగించిరి. ధరావతు ఒప్పందపు చిరునామా ప్రతి జాలమునకు వేరుగా నుండును. హొలెస్కీకి చెందిన చిరునామా గెత్, నెదర్‌మైండ్, బెసు అను మూడు సాఫ్ట్‌వేరులలోను సరిగా అమర్చబడలేదు. ఆ కారణమున చెల్లని బ్లాకును అవి చెల్లునని యొప్పుకొనినవి. ఎరిగన్, రెత్ అనునవి నిరాకరించినవి. నిరాకరించినవే సత్యపక్షము, కాని సంఖ్యాబలము తప్పుపక్షమున నున్నది.

మూడింట రెండువంతులు దాటినవారు తప్పు శృంఖలకు ఓటు వేయుటచే అదియే సమర్థితమైనది. సరియైన శృంఖలకు మరలివచ్చి ఓటు వేయబోయినచో, పూర్వపు ఓటును క్రొత్త ఓటు చుట్టివేసిన దోషము వారికి తగులును. ఓటు వేసిన శిక్ష, వేయకున్న జాలము నిలువదు. కడకు అనేకులు తెలిసియే శిక్షకు సిద్ధపడి, రక్షణలను తొలగించి ఓట్లు వేసిరి. మార్చి 10న, రెండు వారముల పిమ్మట, పద్దులు మరల స్థిరపడసాగెను. అయినను జాలమునుండి బయటపడవలసిన వాలిడేటర్ల వరుస ఎంతయో పెరిగిపోయి, అది తరుగుటకు సంవత్సర కాలము పట్టునను అంచనా ఏర్పడినది. అందుచేతనే హూడి జాలమును క్రొత్తగా స్థాపించిరి. అందు మార్చి 26న పెక్ట్రా విజయవంతముగా పరీక్షింపబడి, మే 7న ప్రధాన జాలమునకు వచ్చినది.

ఈ తప్పు ప్రధాన జాలమున జరిగియుండినచో ఎందరి కష్టార్జితము చిక్కులో పడియుండెడిదో ఊహింపుడు. ఆ నష్టమును విలువలేని నాణెములతో ముందుగా అనుభవించుటయే టెస్ట్‌నెట్ యొక్క ప్రయోజనము. సంఖ్యాబలము సత్యమునకు సాక్ష్యమే గాని, సత్యమే కాదనుట ఇందలి రెండవ పాఠము. సాక్షులు ఎందరైనను, అందరును ఒక్కచోటనే విని వచ్చినవారైనచో వారి మాట ఒక్క సాక్షి మాటకంటె ఎక్కువ కాదు.

విద్యార్థి అనుసరింపదగిన క్రమము

ఈ మార్గమున అడుగిడదలచిన విద్యార్థికి మేము సూచించు క్రమమిది. మొదటి మెట్టు, ధరావతు లేని నోడ్. టెస్ట్‌నెట్ నోడ్ ఒకదానిని నడిపి, అది పుస్తకమును మొదటినుండి తెచ్చుకొని సరిచూచుకొను విధానమును గమనింపవలెను. లైనక్స్ ఆజ్ఞలు, జాలపు ద్వారములు, గడియారపు అమరిక, డిస్కులోని ఖాళీ మున్నగునవి ఇందుననే అభ్యాసమగును. ప్రధాన జాలమునకైనచో 2 నుండి 4 టెరాబైట్ల వేగవంతమైన ఎస్.ఎస్.డి., 16 జీబీకి తగ్గని ర్యామ్ అవసరము. టెస్ట్‌నెట్‌కు అంతకంటె తక్కువ చోటు చాలును.

రెండవ మెట్టు, టెస్ట్‌నెట్ వాలిడేటరు. పరీక్షా ఈథర్లు ఫాసెట్ అను ఉచిత కుళాయిలనుండి కొద్దికొద్దిగా లభించును. 32 కూడబెట్టుటకు ఓపిక కావలెను. కొనవలసిన పని యెన్నడును లేదు. ఎవరైన అమ్మజూపినచో అది మోసమని గ్రహింపవలెను. కీలకములను తయారుచేయునపుడు 24 పదముల రహస్యమాల యొకటి వచ్చును. దానిని కాగితముపై వ్రాసి భద్రపరుపవలెను. ఫోనులో ఫోటో తీయరాదు, సహాయము చేసెదనని వచ్చినవారికి చెప్పరాదు. పరీక్షా నాణెములతో నున్నప్పుడే ఈ అలవాటు పడినచో ముందు ముందు మేలగును.

మూడవ మెట్టు, తెలిసి చెడగొట్టి చూచుట. కరెంటు తీసివేసి మరల పెట్టినపుడు యంత్రము తానుగా లేచి పని మొదలిడునా? ఇంటర్‌నెట్ గంటసేపు లేకున్న ఏమగును? ఒక సాఫ్ట్‌వేరునుండి మరియొకదానికి మారునపుడు సంతకముల చరిత్రను వెంట తీసికొనిపోవుట ఎట్లు? ఇందలి అతిముఖ్య నియమమును విద్యార్థులు హృదయమున నిలుపుకొనవలెను: ఒకే కీలకమును ఏకకాలమున రెండు యంత్రములపై ఎన్నడును నడుపరాదు. మొదటి యంత్రము ఆగిపోయినదని తలచి రెండవదానిని ఆరంభింప, ఇంతలో మొదటిది లేచినచో రెండును సంతకములు చేయును. అది ద్వంద్వ సాక్ష్యము. కొన్ని గంటలు పని మానిన దానికి పడు కోత, పని చేసియుండిన వచ్చెడి ప్రతిఫలమునకు ఇంచుమించు సమానమే. ద్వంద్వ సాక్ష్యమునకైనచో ధరావతులో కొంత పోవుటయే గాక, వాలిడేటరు బహిష్కరింపబడును. మిగిలిన సొమ్ము చేతికందుటకు సుమారు 36 దినములు వేచియుండవలెను. ఆ సమయమున ఇతరులును పెద్ద సంఖ్యలో తప్పినచో శిక్ష పెరుగును. అందరు నడుపు సాఫ్ట్‌వేరునే మనమును నడుపరాదనుటకు ఇది స్వార్థదృష్టితో చూచినను తగిన కారణమే.

నాలుగవ మెట్టు, దోషనివేదిక. దోషము కనబడినపుడు పని చేయుటలేదని వ్రాసిన ఎవరికిని ఉపయోగపడదు. సాఫ్ట్‌వేరు పేరు, దాని విడుదల సంఖ్య, యంత్రపు వివరములు, దోషము జరిగిన వేళ, అంతకుముందు చేసిన పనులు, లాగ్‌లోని సంబంధిత పంక్తులు, మరల అదే దోషమును రప్పించు విధానము తెలుపవలెను. వేళను అంతర్జాతీయ ప్రమాణ కాలములో తెలుపుట మేలు. మన గడియారము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందుండును. లాగ్‌లో రహస్య కీలకములు లేకుండునట్లు చూచుకొనవలెను. ఇట్టి నివేదికను వ్రాయగల విద్యార్థి ఏ శాస్త్రమునందైనను రాణింపగలడు.

ధనమును గూర్చి హెచ్చరిక

నాలుగు మెట్లు దాటిన పిమ్మటనే ప్రధాన జాలమును గూర్చి ఆలోచింపవలెను. 32 ఈథర్లు మధ్యతరగతి కుటుంబమునకు సంవత్సరముల సంపాదన. అప్పు చేసి గాని, చెల్లెలి పెండ్లికి దాచిన సొమ్ముతో గాని ఇందు దిగుట అవివేకము. మన దేశమున ఇట్టి ఆస్తుల బదలాయింపుపై వచ్చిన లాభమునకు 30 శాతము పన్ను 2022 ఏప్రిల్ 1 నుండియు, మూలమునందు 1 శాతము పన్ను కోత అదే సంవత్సరము జూలై 1 నుండియు అమలులోనికి వచ్చినవి. ఒకదానిలో వచ్చిన నష్టమును మరియొకదాని లాభమునుండి తీసివేయుటకు వీలు లేదు. మీ సొమ్ము మాకిండు, మీ పేర వాలిడేటరును మేము నడిపి నెలనెల నిశ్చితమైన వడ్డీ ఇత్తుమని చెప్పువారిని నమ్మరాదు. ప్రతిఫలము పాల్గొనువారి సంఖ్యను బట్టి మారుచుండును. దానికి హామీ యిచ్చువాడు వ్యవస్థను ఎరుగడు, లేక మనకు తెలియదని తలచుచున్నాడు.

కళాశాలలో చేయదగిన పని

కళాశాల కమిటీవారి పరిశీలనకు ఒక చిన్న సూచన చేయుచున్నాము. కంప్యూటరు ప్రయోగశాలలో ఒక యంత్రమును టెస్ట్‌నెట్ నోడ్‌కు కేటాయించి, ఇద్దరిద్దరు విద్యార్థులు వారము చొప్పున దాని బాధ్యత వహించునట్లు ఏర్పాటు చేయవచ్చును. వ్యయము ఒక డిస్కు, కొంత విద్యుత్తు మాత్రమే. ప్రతి దినము జరిగినది ఒక దినచర్య పుస్తకమున తెలుగున గాని, ఉర్దూన గాని వ్రాసి సంతకము చేయవలెను. ఈ సాఫ్ట్‌వేరుల వివరణలు అత్యధికము ఆంగ్లముననే యున్నవి. మన విద్యార్థులు తమ అనుభవమును రెండు భాషలలోను సులభముగా వ్రాసి యుంచినచో తరువాత వచ్చువారికి అది పాఠ్యపుస్తకమగును.

మన ఇండ్లలో అమానతు అను మాటకు ఎంత బరువు కలదో చెప్పనక్కరలేదు. ఒకరు నమ్మి అప్పగించిన దానిని చెక్కుచెదరక తిరిగి యిచ్చుటయే అమానతు. వాలిడేటరు చేయు పనియు అట్టిదే. తానెన్నడును చూడని వారి లెక్కను అతడు కాపాడుచున్నాడు. ఆ పనికి పూనుకొనువాడు ముందుగా విలువలేని నాణెముల యెడ నిజాయితీని అభ్యసింపవలెను. ఎవరును చూడని పరీక్షలో శ్రద్ధ వహించినవాడే అందరు చూచు పరీక్షలో నిలువగలడు. మన విద్యార్థులు ఇతరులు చేసిన సాధనములను వాడుకొనువారుగానే మిగిలిపోక, వానిని సరిచూచి, లోపములను చూపి, మెరుగుపరచువారుగా ఎదుగవలెనని ఆకాంక్షించుచున్నాము.